జపాన్ సునామీ ఊళ్లు చూసొచ్చిన పిల్లలు మన తీరంలో ఏం చెప్పాలి?

అడిగిన ప్రశ్న: కృష్ణా జిల్లా తీరంలోని ఒక హైస్కూలు నుంచి పదకొండు మంది పిల్లలు జపాన్‌లో 2011 సునామీ ముంచేసిన ఊళ్లు చూసొచ్చారు. ఇప్పుడు బడిలో నలభై నిమిషాల అసెంబ్లీలో మాట్లాడాలి. ఆ తరవాత ఒక ఆదివారం మత్స్యకారుల పల్లెలో చెప్పాలి. పిల్లలు అరవై స్లైడ్లు, మూడు సునామీ వీడియోలు సిద్ధం చేసుకుని, జపాన్ వాళ్ల క్రమశిక్షణ గురించి చెబుదామనుకుంటున్నారు. ఇది సరిపోతుందా, ఇంకేమైనా చేర్చాలా అని వాళ్ల టీచరు అడిగారు.

జవాబు:

టీచర్ గారూ, చేర్చే సంగతి తరవాత, ముందు తీసేయాల్సినవి చూద్దాం. అరవై స్లైడ్లలో పది ఉంచండి చాలు. వీడియోలు మూడూ తీసేయించండి, ఎందుకో కింద చెబుతాను. "జపాన్ వాళ్ల క్రమశిక్షణ" అన్న శీర్షికనూ తీసేయించండి. వినడానికి బాగుంటుంది గానీ అక్కడ జరిగింది అది కాదు. 2011 మార్చి 11న వచ్చింది ఒకే సునామీ. ఆ తీరమంతా బడుల పద్ధతీ ఒక్కటే, పిల్లల పెంపకమూ ఒక్కటే. అయినా కమైషి అనే పట్టణంలో రెండు బడుల పిల్లలు కొండెక్కి బతికారు, ఒకావా బడిలో 74 మంది పిల్లలు పోయారు. ఒకావా పిల్లలకు క్రమశిక్షణ తక్కువై కాదు, చెప్పినట్టే ఆటస్థలంలో వరసగా ఉన్నారు. అంతకు ముందు ఏళ్లలో పెద్దలు కాగితం మీద ఏం రాసుకున్నారు, రాసుకున్నదాన్ని కాళ్లతో నడిచి చూశారా లేదా, తేడా అంతా అక్కడుంది. మీ పిల్లలు మోసుకురావాల్సిన పాఠం ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ అల్లించండి.

కమైషిలో ఉనోసుమై అనే చోట ఒక మిడిల్ స్కూలు, ఒక ప్రాథమిక పాఠశాల పక్కపక్కన ఉండేవి. ప్రమాద పటంలో రెండూ నీళ్లు రాని ప్రాంతంలోనే ఉన్నాయి. మధ్యాహ్నం 2:46కి భూకంపం వచ్చి కరెంటు పోయింది, మైకు పనిచేయలేదు. పెద్ద బడి పిల్లలు ప్రకటన కోసం ఆగకుండా పరుగందుకున్నారు. చిన్న బడిలో అప్పటికి పిల్లల్ని మూడో అంతస్తుకు చేర్చారు. పెద్ద పిల్లలు పరిగెత్తడం చూసి వాళ్లూ దిగి వెంట నడిచారు. రెండు బడులూ కలిసి అంతకు ముందే సాధన చేసి ఉన్నాయి కాబట్టి దారి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ముందుగా అనుకున్న చోటు ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం. అక్కడికి చేరాక వెనక కొండచరియ విరిగిపడటం చూసి, ఇది చాలదని ఇంకా పైకి కదిలారు. అక్కడి నుంచి మళ్లీ ఇంకా పైకి. మొత్తం కలిపి సుమారు కిలోమీటరున్నర నడక. దాదాపు 570 మంది పిల్లలు దక్కారు. మొదట ఆగిన చోటు ఆ తరవాత నీళ్లలో మునిగింది.

ఆ పిల్లలకు అంతకు ముందు కొన్నేళ్లుగా గున్మా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కతాదా తొషితాకా సూచనలతో బడుల్లో పాఠాలు నడిచాయి. ఆయన చెప్పిన సూత్రాలు మూడు. వేసిన అంచనాకు కట్టుబడిపోవద్దు. ఆ క్షణంలో చేయగలిగినదంతా చెయ్యి. అందరికన్నా ముందు నువ్వు కదులు. మూడోది వినడానికి స్వార్థంలా ఉంటుంది, పిల్లలు తప్పుగా చెప్పే ప్రమాదమూ దానికే ఎక్కువ. దాని వెనక మనుషుల స్వభావం ఉంది. ప్రమాదం వచ్చినప్పుడు ప్రతివాడూ పక్కవాణ్ణి చూస్తాడు, పక్కవాడు నిలబడితే తనూ నిలబడతాడు. ఒకడు పరిగెత్తితే పదిమంది కదులుతారు. ఉనోసుమైలో చిన్న బడి కదిలింది సరిగ్గా ఇలాగే.

ఇక్కడ పిల్లల్ని ఒక మాట వాడనివ్వకండి, "అద్భుతం" అని. కమైషి వాళ్లే ఆ మాట మానుకుని ఇప్పుడు "కమైషి ఘటన" అంటున్నారు. ఆ పట్టణంలో చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి వెయ్యి మందికి పైనే. అదే ఉనోసుమైలో విపత్తు నివారణ కేంద్రం అని పేరున్న భవనం ఒకటి ఉండేది. అది సునామీకి నిర్ణయించిన చోటు కాదు. అసలు చోటు దూరమని, ముసలివాళ్లకు ఇబ్బందని సాధనలు మాత్రం అక్కడ జరిపేవారు. ఆ రోజు జనం అలవాటు ప్రకారం అక్కడికే వెళ్లారు. నూట అరవై మందికి పైగా అందులో చనిపోయారని అంచనా. కాళ్లు సాధన చేసిన చోటికే వెళ్తాయి, కాగితంలో రాసిన చోటికి కాదు. నా మట్టుకు కమైషి నుంచి తెచ్చుకోవాల్సిన వాటిలో పిల్లల పరుగు కన్నా ఇదే పెద్దది. మీ పిల్లలు ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెప్పాలి.

ఇక ఒకావా. ఇషినోమాకి పట్టణం పరిధిలో, సముద్రానికి దాదాపు 4 కిలోమీటర్ల లోపల, కితకామి నది పక్కన ఉన్న బడి. ప్రమాద పటం ప్రకారం అక్కడికి నీళ్లు రావు. పైగా ఆ బడే చుట్టుపక్కల వాళ్లకు ఆశ్రయ స్థలం. భూకంపం 2:46కి, నీళ్లు వచ్చింది 3:37 ప్రాంతంలో. మధ్యలో ఉన్న దాదాపు 50 నిమిషాలూ పిల్లలు ఆటస్థలంలోనే ఉన్నారు. బడి వెనకే కొండ ఉంది. ఆ కొండ మీద పిల్లలు పాఠంలో భాగంగా పుట్టగొడుగులు పెంచిన చోటు కూడా ఉంది. చివరికి బయలుదేరింది వంతెన దగ్గరి కాస్త ఎత్తయిన జాగాకు, అంటే నది వైపుకు. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు పోయారు.

ఆ బడి అత్యవసర ప్రణాళికలో తలదాచుకునే చోటుగా ఏమని ఉందో చూడండి: దగ్గర్లోని ఖాళీ స్థలం, పార్కు మొదలైనవి. అంతే. పేరు లేదు, దారి లేదు. ఆ చుట్టుపక్కల అలాంటి పార్కూ లేదు. 2016లో కింది కోర్టు, ఆ చివరి నిమిషాల్లో అక్కడున్న ఉపాధ్యాయులు తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టింది. 2018లో సెందాయ్ హైకోర్టు తప్పును ఇంకా వెనక్కి తీసుకెళ్లింది. ముందే ఒక చోటు పేరు పెట్టి రాసుకోకపోవడం, దాన్ని విద్యాశాఖ సరిచూడకపోవడమే అసలు నిర్లక్ష్యమంది. సుమారు 143 కోట్ల యెన్ల పరిహారం ఇవ్వమంది. 2019లో సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చింది.

ఇప్పుడు మీ బడి విపత్తు ప్రణాళిక ఫైలు తీయించండి. "విద్యార్థులను సురక్షిత ప్రాంతానికి తరలించవలెను" అనే వాక్యం అందులో ఉండే అవకాశమే ఎక్కువ. ఒకావా కాగితంలో ఉన్నదీ అలాంటి వాక్యమే. అసెంబ్లీలో ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన తెర మీద వేయండి. పది స్లైడ్లలో ఇది తప్పకుండా ఉండాలి.

అసెంబ్లీ సమయాన్నే పాఠంగా వాడుకోవచ్చు. మొదట ఒక గంట కొట్టి, అందరికీ కనబడేలా గడియారం పెట్టండి. నలభై నిమిషాలు అయ్యాక ఒక పిల్ల లేచి చెప్పాలి: మనం ఇక్కడ కూర్చున్నంత సేపూ, ఇంకో పది నిమిషాలూ ఒకావా బడికి ఉన్నాయి. దీనికి ఏ వీడియో సాటి రాదు.

పదకొండు మందినీ వేదిక ఎక్కించొద్దు, తలా మూడు నిమిషాలు అప్పజెప్పి దిగిపోతారు. ముగ్గురు మాట్లాడితే చాలు. ఒకరికి కమైషి, ఒకరికి ఒకావా, ఒకరికి నేను కింద చెప్పే అరాహామా. తలా ఆరు నిమిషాలు, మొత్తం పద్దెనిమిది. మిగిలిన ఎనిమిది మంది తరగతికి ఒకరిద్దరు చొప్పున కూర్చుని, మీ ఊరి పటం పెద్ద కాగితం మీద ముందే గీసి ఉంచాలి. మాటలయ్యాక పదిహేను నిమిషాలు పిల్లలంతా ఆ పటం మీద తమ ఇల్లు, బడి, దగ్గర్లోని మేడ, కాలవ, వంతెన గుర్తుపెట్టాలి. తరవాత ఒకే ప్రశ్న: ఇప్పుడు హెచ్చరిక వస్తే నువ్వు ఎక్కడికి వెళ్తావు, పేరు చెప్పు. "ఎత్తయిన చోటికి" అన్న జవాబును ఒప్పుకోవద్దు. ఫలానా వారి మేడ, ఫలానా తుఫాను షెల్టరు అని పేరు రావాలి.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. కమైషి ఉన్న సన్‌రికు తీరం కొండలు సముద్రంలోకి దిగినట్టుండే చోటు. పది నిమిషాలు నడిస్తే కొండ. మనకు విశాఖ, భీమిలి వైపు ఆ పోలిక కొంత కుదురుతుంది. దివిసీమకో కోనసీమకో కుదరదు, అక్కడ కొండే లేదు. మీ పిల్లలు పల్లెలో "కొండెక్కండి" అని చెబితే జనం నవ్వుకుంటారు, మిగతా మాటలూ గాలికిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాకు సరిపోయే పోలిక సెందాయ్ మైదానం. అక్కడ నీళ్లు దాదాపు 5 కిలోమీటర్లు లోపలికి వచ్చాయి. అరాహామా ప్రాథమిక పాఠశాల సముద్రానికి 700 మీటర్ల దూరంలో ఉంది, నేల చదును. పిల్లలు, ఉపాధ్యాయులు, ఊరివాళ్లు కలిసి 320 మంది బడి మేడ ఎక్కి బతికారు. ఇప్పుడా భవనాన్ని అలాగే ఉంచి చూపిస్తున్నారు. మీ పిల్లలు వెళ్లి ఉంటే గోడ మీద నీళ్ల మట్టం గుర్తు చూసే ఉంటారు.

ఇందులో అనువాదంలో జారిపోయే విషయం ఒకటుంది. జపాన్‌లో నేల అంతస్తునే ఒకటో అంతస్తుగా లెక్కపెడతారు. "నీళ్లు రెండో అంతస్తు దాకా వచ్చాయి" అంటే మన లెక్కలో ఫస్ట్ ఫ్లోర్. అది నాలుగంతస్తుల బడి అంటే మన లెక్కలో గ్రౌండ్ మీద మూడు. పిల్లల నోట్సుల్లో ఇది ఎక్కడెక్కడ ఉందో చూసి సరిచేయించండి. లేకపోతే ఊళ్లో ఎవరైనా ఒక్కంతస్తు డాబా చాలనుకుంటారు, లేదా రెండంతస్తుల మేడ ఎక్కినా లాభం లేదనుకుంటారు. రెండూ ప్రమాదమే.

మేడ ఎంచుకునేటప్పుడు పిల్లలు ఇవి చూడాలి. పిల్లర్లు, బీములతో కట్టిన కాంక్రీటు భవనమా, గోడల మీద శ్లాబు వేసిందా? గోడల మీద నిలిచింది పనికిరాదు. కింద గోడ పగిలితే పైది కూలుతుంది. పిల్లర్ల భవనంలో కింది గోడలు కొట్టుకుపోయినా పిల్లర్లు నిలిచే అవకాశం ఉంది. డాబా మీదికి మెట్లు బయట నుంచి ఉన్నాయా, లోపలి నుంచా? తాళం ఉందా, రాత్రిపూట తాళంచెవి ఎవరి దగ్గర? పై అంతస్తులో ఎంతమంది నిలబడగలరు? నిలబడటానికి మనిషికి అర చదరపు మీటరు, కూర్చోవాలంటే ఒక చదరపు మీటరు లెక్క వేయించండి. తుఫాను షెల్టర్లు చాలా చోట్ల ఈ పనికి అక్కరకొస్తాయి. చిక్కంతా తాళంచెవితో, మెట్ల మీద పోగేసిన సామానుతో. కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడు తాళం నిజంగా తీయించి, డాబా దాకా ఎక్కండి.

అదే సెందాయ్ మైదానంలో సముద్రానికి సమాంతరంగా వెళ్లే ఎత్తయిన ఎక్స్‌ప్రెస్ రహదారి ఉంది. ఆ రోజు కొందరు దాని గట్టు ఎక్కి బతికారు. ఆ తరవాత ఎక్కడానికి మెట్లు కట్టారు. మన దగ్గర రోడ్డు గట్లను, వంతెన అప్రోచ్‌లను ఇలా చూడబుద్ధేస్తుంది. ఒక్క జాగ్రత్త: నదికి, కాలవకు దగ్గరగా ఉన్న గట్టు వద్దు. 2011లో కితకామి నదిలో సునామీ జాడ సముద్రం నుంచి 49 కిలోమీటర్ల ఎగువ దాకా కనిపించింది. ఒకావా పిల్లలు బయలుదేరింది నది పక్కనున్న అలాంటి ఎత్తుకే. డెల్టాలో ఈ మాట కొట్టొచ్చినట్టు చెప్పాలి: నీళ్లు ముందు కాలవలోంచి వస్తాయి, సముద్రం వైపు చూస్తూ నిలబడితే వెనక నుంచి చుట్టేస్తాయి.

నేల ఎత్తు తెలుసుకోవడానికి పిల్లలు ముందు ఫోను తీస్తారు. నమ్మకండి. ఫోనులో జీపీఎస్ ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ పోవడం మామూలే. కొన్ని యాప్‌లు మన తీరంలో పదుల మీటర్ల మైనస్ అంకె కూడా చూపిస్తాయి. ఉపగ్రహాల లెక్క భూమిని నున్నటి గుడ్డు ఆకారంగా తీసుకుంటుంది, దక్షిణ భారతం దగ్గర అసలు సముద్ర మట్టం ఆ లెక్క కన్నా బాగా కింద ఉంటుంది. మూడు మీటర్లో, ఐదు మీటర్లో తేల్చుకోవాల్సిన చోట ఈ అంకెలు దేనికీ కొరగావు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు తెప్పించండి. పదిహేను మీటర్ల పారదర్శక పైపు, రెండు కొలత కర్రలు, కాస్త రంగు కలిపిన నీళ్లు చాలు. పైపులో గాలి బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది. మొదలుపెట్టే ముందు రెండు కొసలూ ఒకచోట చేర్చి మట్టాలు కలుస్తున్నాయో లేదో చూడాలి. చదివేటప్పుడు రెండు కొసలూ తెరిచే ఉండాలి. పిల్లలు బొటనవేలు అడ్డం పెట్టి మరిచిపోతుంటారు. పౌర్ణమి రోజు పోటు గీతను సున్నాగా పెట్టుకుని, అక్కడి నుంచి పదిహేను మీటర్లకొకసారి చదువుతూ ఊళ్లోకి రండి. కిలోమీటరుకు దాదాపు 67 సార్లు చదవాలి, ఒక పూట పని. మళ్లీ అదే దారిలో వెనక్కి కొలవండి. రెండు లెక్కల తేడా పది సెంటీమీటర్లు దాటితే ఎక్కడో తప్పు దొర్లింది. దగ్గర్లో రైల్వే స్టేషను ఉంటే, బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, దానితో ఉజ్జాయింపుగా సరిపోల్చుకోవచ్చు. మీ సున్నా పోటు గీత కాబట్టి కాస్త తేడా ఉంటుంది.

ఈ పనిలో చాలా ఊళ్లలో ఒక సంగతి బయటపడుతుంది. ఒడ్డున ఇసుక దిబ్బ ఎత్తుగా ఉంటుంది, దాని వెనక ఊరు పల్లంలో ఉంటుంది. దిబ్బ మీద నిలబడి మనది ఎత్తే అనుకుంటాం. పిల్లలు తమ చేతులతో కొలిచి తెచ్చిన ఆ ఒక్క గీత, జపాన్‌లో తీసిన వంద ఫొటోల కన్నా ఊరివాళ్లను కదిలిస్తుంది.

కొలిచాక నడవాలి. స్టాప్‌వాచ్‌తో, బడి సంచులు లేకుండా, ఒకసారి పగలు, ఒకసారి చీకటిపడ్డాక. జపాన్‌లో ప్రణాళికలకు మామూలు మనిషి నడక సెకనుకు ఒక మీటరు, నడవలేనివాళ్లకు అర మీటరు తీసుకుంటారు. మీ ఊళ్లో ఒక ముసలమ్మతో, చంకలో బిడ్డ ఉన్న తల్లితో నడిచి మీ లెక్క మీరు తీసుకోండి. రొయ్యల చెరువులున్న చోట పటంలో తిన్నగా కనిపించే దారి, నిజంగా నడిస్తే గట్ల చుట్టూ తిరిగి రెట్టింపవుతుంది. ఆ మలుపులన్నీ పటంలో ఎరుపుతో గుర్తుపెట్టించండి.

జపాన్ నుంచి నేరుగా తెచ్చుకోకూడనిది ఇంకొకటి ఉంది. అక్కడ భూమి గట్టిగా కంపిస్తే అదే హెచ్చరిక, అరగంటలో నీళ్లు. మన తీరానికి ముప్పు ముఖ్యంగా అండమాన్, సుమత్రా వైపు నుంచి. 2004 డిసెంబరు 26న అక్కడ భూకంపం మన టైము ఉదయం 6:29కి. విశాఖలో సముద్ర మట్టం కొలిచే పరికరం అలను నమోదు చేసింది 9:05 ప్రాంతంలో. రెండున్నర గంటలు! అప్పట్లో చెప్పేవాళ్లు లేరు. ఆదివారం, మార్గశిర పౌర్ణమి, సముద్ర స్నానాలకు వచ్చిన జనం ఒడ్డునే ఉన్నారు. మంగినపూడిలో ప్రాణాలు పోయింది అలాగే. ఆంధ్ర తీరం మొత్తం మీద వందమందికి పైగా చనిపోయారు. కాబట్టి ఇక్కడ "నేల కంపిస్తే పరిగెత్తు" ఒక్కటే చెబితే చాలదు. నేల కంపించకపోయినా నీళ్లు రావచ్చు. కంపిస్తే మాత్రం ఎవరి కబురు కోసమూ ఆగొద్దు.

కబురు ఇప్పుడు హైదరాబాద్ నుంచే వస్తుంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. దాని మాటలు మూడు, పిల్లలు ఈ తేడా ఊరికి నేర్పాలి. "వార్నింగ్" అంటే ఊరు ఖాళీ చేసి లోపలికో పైకో పోవాలి. "అలర్ట్" అంటే ఒడ్డు, పల్లపు చోట్లు వదలాలి. "వాచ్" అంటే వెంటనే కదలక్కర్లేదు, చెవి పడేసి ఉండాలి. తుఫానుకు మనవాళ్లకు అలవాటైన లెక్క వేరు. రోజుల ముందు చెబుతారు, నంబరు జెండాలు మారుతుంటాయి, సామాను సర్దుకునే వ్యవధి ఉంటుంది. 1977 దివిసీమ ఉప్పెన తెలిసిన ఊళ్లలో పెద్దవాళ్లు సునామీని కూడా ఉప్పెనే అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. గాలీ వానా లేకుండా, ఎండ కాస్తుండగానే వచ్చే ఉప్పెన అని చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.

మొదటి హెచ్చరికలోని అంకెను పట్టుకుని కూర్చోవద్దని జపానే నేర్పింది. 2011లో భూకంపం వచ్చిన మూడు నిమిషాలకు ఇచ్చిన తొలి హెచ్చరికలో మియాగి ప్రాంతానికి 6 మీటర్లు, ఇవాతే ప్రాంతానికి 3 మీటర్లు అన్నారు. తరవాత 10 మీటర్లకు పైన అని పెంచారు గానీ, కరెంటు పోయి చాలామందికి ఆ రెండో కబురు అందలేదు. ఇవాతేలోని తారో అనే ఊరికి 10 మీటర్ల ఎత్తున, మొత్తం 2.4 కిలోమీటర్ల పొడవున సముద్రపు గోడలు ఉండేవి. 3 మీటర్లే కదా అనుకున్నవాళ్లకు ఆ గోడే ధైర్యమైంది, నీళ్లు దాని మీదుగా వచ్చాయి. 2013 నుంచి అక్కడి వాతావరణ సంస్థ పద్ధతి మార్చింది. మరీ పెద్ద భూకంపాలకు తొలి హెచ్చరికలో అంకె చెప్పకుండా "చాలా భారీ" అని మాత్రమే అంటుంది. మన దగ్గర ఇదే భరోసా సరుగుడు తోటల మీద ఉంటుంది. చిన్న అలకు అవి కొంత ఆపుతాయి. జపాన్‌లో రికుజెన్‌తకాతా అనే ఊళ్లో తీరం వెంట సుమారు 70,000 పైన్ చెట్లుండేవి, నిలిచింది ఒక్కటి.

సముద్రం వెనక్కి పోతేనే సునామీ అన్న నమ్మకాన్నీ సరిచేయించండి. 2004లో థాయిలాండ్ వైపు ముందు నీళ్లు వెనక్కి తగ్గాయి, మన వైపు ముందు పొంగే వచ్చింది. సముద్రం అడుగు భాగం పడమటి పక్క పైకి లేచి, తూర్పు పక్క కుంగడం వల్ల ఆ తేడా. కాబట్టి వెనక్కి తగ్గడం కోసం ఎదురుచూడకూడదు. మొదటి అల పోయింది కదా అని దిగిరావడమూ అంతే ప్రమాదం. 2011లో జపాన్ తీరంలో హెచ్చరికలన్నీ ఎత్తేసింది 13వ తేదీ సాయంత్రానికి.

పల్లె సభలో బోట్ల ప్రశ్న వస్తుంది, తప్పదు. ఒడ్డున కట్టిన బోటు కోసం, వలల కోసం వెళ్లొద్దు. అప్పటికే సముద్రంలో ఉన్నవాళ్లు రేవుకు రావొద్దు, లోతు నీళ్లలోకి పోయి అక్కడే ఉండాలి. లోతులో సునామీ అల తెలిసీ తెలియకుండా పోతుంది, ఒడ్డు దగ్గరే లేస్తుంది. ఈ ముక్క పిల్లలతో కాక, ఊళ్లో మాట చెల్లే సరంగుతో చెప్పించండి.

తెన్‌దెన్‌కో అన్న సన్‌రికు మాట పిల్లలు నేర్చుకునే ఉంటారు. ఎవరికి వారుగా పరిగెత్తడం అని అర్థం. 1896లో ఆ తీరంలో దాదాపు 22,000 మంది పోయారు, ఒకరి కోసం ఒకరు వెనక్కి వెళ్లి కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ బాధలోంచి వచ్చిన మాట. దీన్ని "ఎవరి ప్రాణం వాళ్లు చూసుకోండి" అని తెలుగు చేస్తే మన ఇళ్లలో ఎవరూ హర్షించరు, అసలు అర్థమూ అది కాదు. ఇంట్లో ముందే చేసుకునే ఒప్పందం అది. "నేను తిన్నగా షెల్టరుకే వెళ్తాను, నా కోసం ఇంటికి రావొద్దు, నువ్వూ అక్కడికే రా" అని పిల్ల తల్లితో, తల్లి పిల్లతో ముందే అనుకోవాలి. ఇంట్లో నడవలేని నాయనమ్మ ఉంటే, ఆమెను తీసుకెళ్లేది ఎవరో పేరుతో తేలాలి, పక్కింటివాళ్లయినా సరే. బడి వైపు నుంచి కూడా ఒక మాట తల్లిదండ్రులకు రాతపూర్వకంగా వెళ్లాలి: హెచ్చరిక ఉన్నంతసేపు పిల్లల్ని ఇంటికి పంపం, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లూ మాతోపాటే పైన ఉండాలి.

వీడియోలు ఎందుకొద్దన్నానంటే, మీ సభలో 2004లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. జపాన్ మ్యూజియాల్లో సునామీ దృశ్యాలున్న గదికి ముందే బోర్డు పెడతారు, చూడలేనివాళ్లు పక్క దారిన పోతారు. అసెంబ్లీలో కూర్చున్న పిల్లకు పక్క దారి ఉండదు. అరాహామా గోడ మీది నీళ్ల గుర్తు ఫొటో ఒక్కటి చాలు. ఒకావా దగ్గర తీసిన ఫొటోల్లో చనిపోయిన పిల్లల పేర్లు కనబడితే వాడొద్దు, సెల్ఫీలు అసలే వద్దు. కతారిబెలు, అంటే తమ సునామీ అనుభవాలను వచ్చినవాళ్లకు చెప్పేవాళ్లు, చెప్పిన మాటలను పేరు లేకుండా, కలపకుండా, పెంచకుండా చెప్పాలి. ఎవరిదైనా ఫొటో, గొంతు వాడాలంటే అనుమతి అడగాలి.

పిల్లలు పెద్ద పని చేయగలరా అన్న సందేహం ఊళ్లో ఎవరికైనా వస్తే జపాన్‌లోని ఒనగావా అనే ఊరి సంగతి చెప్పండి. 2011లో మిడిల్ స్కూల్లో చేరిన పిల్లలు, వెయ్యేళ్ల తరవాతి ప్రాణాలు కాపాడాలంటే ఏం చేయాలని తరగతిలో మొదలుపెట్టి, ఊళ్లోని 21 రేవుల్లోనూ సునామీ చేరిన చోటుకు పైన రాళ్లు నిలబెట్టాలని తేల్చారు. చిన్న చిన్న విరాళాలతో కోటి యెన్లు పోగుచేశారు. మొదటి రాయి 2013లో, 21వది 2021లో నిలబడింది. అప్పటికి ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మీ వాళ్లకు ఈ ఏడాదికి రాళ్లు అక్కర్లేదు. లెవల్ పైపుతో తేల్చిన ఎత్తులను బడి గోడ మీద, షెల్టరు గోడ మీద, రామాలయం అరుగు మీద రంగుతో రాస్తే చాలు. పంచాయతీ తీర్మానం ముందే తీసుకోండి. రంగు ఏటా వెలుస్తుంది కాబట్టి, ప్రతి నవంబరు 5న, ప్రపంచ సునామీ అవగాహన దినం నాడు, తొమ్మిదో తరగతి వాళ్లు మళ్లీ వేసి, షెల్టరు దాకా నడవాలన్న మాట కూడా అదే తీర్మానంలో పెట్టించండి.

ఆఖరుగా, కతారిబెలకు ఒక ఉత్తరం. కృతజ్ఞతలు రెండు వాక్యాలు చాలు. మిగతా పేజీలో మీ బడి ప్రణాళికలో పాత వాక్యం, దాని కింద పేరుతో రాసిన కొత్త వాక్యం, ఎంతమంది నడిచారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ ఇరుక్కున్నారు అన్నది రాయించండి. పటం ఫొటో జతచేయండి. పర్యటన ఏర్పాటు చేసినవాళ్ల ద్వారా జపనీస్‌లోకి తర్జుమా చేయించి, మార్చి 11 లోపు చేరేలా పంపండి.